కార్బన్ బ్లాక్: ఒకే నలుపు, పలు గ్రేడ్లు

కార్బన్ బ్లాక్ అంటే చమురును గానీ వాయువును గానీ తగినంత గాలి అందనీయకుండా తీవ్రమైన వేడిలో విచ్ఛిన్నం చేసి తీసే మెత్తని నల్లటి పొడి. దాదాపు అంతా కర్బనమే. పొగగొట్టాల్లో పేరుకునే మసి వేరు, ఇది వేరు. మసిలో తారు, బూడిద, సగం కాలిన పదార్థాలు కలగాపులగంగా ఉంటాయి. కార్బన్ బ్లాక్‌లో రేణువు పరిమాణం మొదలు గంధకం శాతం దాకా అన్నీ కొలత ప్రకారం ఉండాలి. ప్రపంచంలో ఏటా కోటి టన్నులకు పైగా తయారయ్యే ఈ పొడిలో సుమారు 70 శాతం టైర్లకు, 20 శాతం ఇతర రబ్బరు వస్తువులకు పోతుంది. ప్లాస్టిక్‌లు, సిరాలు, రంగులు, బ్యాటరీలు అన్నీ కలిపి మిగిలిన పదో వంతును పంచుకుంటాయి. పరిమాణంలో చిన్నదైనా ఆ పదో వంతులోనే గ్రేడ్ల వైవిధ్యం ఎక్కువ.

కంటికి అన్ని గ్రేడ్లూ ఒకేలా కనిపిస్తాయి. రెండు సంచుల్లోంచి చెరో చిటికెడు తీసి అరచేతిలో పోస్తే అనుభవజ్ఞుడైనా తేడా చెప్పడం కష్టం. అయినా ఒకటి లారీ టైరు అరిగిపోకుండా కాపాడుతుంది, మరొకటి ఇంజన్‌లోని సీలుకు మెత్తదనం చెడకుండా బలం ఇస్తుంది, ఇంకొకటి ప్లాస్టిక్‌లో విద్యుత్తును పారిస్తుంది. ఒకదాని చోట మరొకటి వేస్తే సరుకు చెడుతుంది.

మసిని వాడుకోవడం మనిషికి కొత్త కాదు. చైనాలో, ఈజిప్టులో, భారతదేశంలో దీపపు మసితో సిరా చేసేవారు. తెలుగునాట తాళపత్రాల మీద గంటంతో గీసిన అక్షరాలు కనబడేందుకు నూనె కలిపిన మసిని రుద్దేవారు. దీపం మీద మూత బోర్లించి పట్టిన మసే కాటుకకూ ఆధారం. పరిశ్రమగా ఇది మొదలైంది మాత్రం 1870లలో, అమెరికాలో. అక్కడ పుష్కలంగా దొరికే సహజవాయువును చిన్న చిన్న మంటలుగా వెలిగించి, ఆ మంటలు ఇనుప పట్టీలకు తగిలేలా చేసి, పట్టీల మీద పేరుకున్న నలుపును గీకి తీసేవారు. దీన్నే చానల్ బ్లాక్ అన్నారు. మండిన వాయువులో అతి కొద్ది శాతం కర్బనమే చేతికొచ్చేది. మిగిలింది పొగగా పోయి చుట్టుపక్కల ఊళ్ళను నల్లగా కమ్మేసేది. ఆ నలుపులో ఎక్కువ భాగం అచ్చు సిరాలకు పోయేది. రబ్బరువాళ్ళు దాని జోలికి పోలేదు.

తొలినాటి టైర్లు నల్లగా ఉండేవి కావు. రబ్బరులో జింక్ ఆక్సైడ్ కలిపేవారు కనుక తెల్లగానో, లేత పసుపుగానో ఉండేవి. 1898లో మిషెలిన్ కంపెనీ టైర్ల దొంతరతో సృష్టించిన బొమ్మమనిషి తెల్లగా ఉండటానికి కారణం ఇదే. 1904లో లండన్ తూర్పు శివారు సిల్వర్‌టౌన్‌లోని రబ్బరు కర్మాగారంలో ఎస్.సి. మోట్, ఆయన సహచరులు రబ్బరుకు కార్బన్ బ్లాక్ కలిపితే దాని బలం ఎంతో పెరుగుతుందని కనుగొన్నారు. కొన్నేళ్ళకు అమెరికాలోని గుడ్రిచ్ కంపెనీ ఆ పరిజ్ఞానాన్ని అందిపుచ్చుకుంది. 1910ల నుంచి టైరు నల్లబడుతూ వచ్చింది, దాని ఆయుష్షు కొన్ని రెట్లు పెరిగింది. మోటారు రవాణా చరిత్రలో ఇంజన్‌కు దక్కిన కీర్తిలో కాస్తయినా ఈ నల్లపొడికి దక్కాల్సింది.

రెండో ప్రపంచయుద్ధం దీన్ని తప్పనిసరి చేసింది. ఆగ్నేయాసియా రబ్బరు తోటలు జపాన్ చేతిలో పడగానే అమెరికా కృత్రిమ రబ్బరు తయారీకి దిగింది. సహజ రబ్బరును సాగదీస్తే దాని అణుగొలుసులు స్ఫటికాల్లా సర్దుకుంటాయి కనుక దానికి స్వతహాగా కొంత బలం ఉంది. స్టైరీన్, బ్యూటాడయీన్‌లతో చేసిన కృత్రిమ రబ్బరుకు ఆ గుణం లేదు. బలపరిచే పొడి ఏదీ కలపకుండా వల్కనీకరిస్తే, అంటే గంధకంతో వేడిచేసి గట్టిపరిస్తే, దాని తన్యతాబలం రెండు మూడు మెగాపాస్కల్‌లు మాత్రమే. తగిన కార్బన్ బ్లాక్ కలిపితే 20 దాటుతుంది. కృత్రిమ రబ్బరు టైరుగా పనికొచ్చిందంటే ఆ చలవ నల్లపొడిదే. ఆ అవసరంలోంచే 1943లో ఫిలిప్స్ పెట్రోలియం కంపెనీ టెక్సాస్‌లోని బోర్గర్‌లో చమురుతో నడిచే ఫర్నేస్ పద్ధతిని ప్రవేశపెట్టింది. ఈనాటి ఉత్పత్తిలో అత్యధిక భాగం ఆ పద్ధతిదే.

ఫర్నేస్ పద్ధతిలో ముడిసరుకు బరువైన, ఆరోమాటిక్ పదార్థాలు నిండిన నూనె. చమురుశుద్ధి కర్మాగారాల్లోని క్యాటలిటిక్ క్రాకర్ అడుగున మిగిలేది, ఉక్కు కర్మాగారాల కోక్ ఓవెన్ల నుంచి వచ్చే తారు, రెండూ పనికొస్తాయి. మండుతున్న వాయుప్రవాహంలోకి, 1400 నుంచి 1800 డిగ్రీల సెల్సియస్ వేడిలోకి ఈ నూనెను తుంపర్లుగా చిమ్ముతారు. కొన్ని మిల్లీసెకన్లలోనే అణువులు ముక్కలై కర్బన రేణువులు పుడతాయి. వెంటనే నీళ్ళు చల్లి చర్యను ఆపేస్తారు. ఎప్పుడు ఆపారు, ఎంత వేడిలో చేశారు, పొటాషియం లవణం ఎంత కలిపారు అన్నవాటిని బట్టి గ్రేడు నిర్ణయమవుతుంది. వేడి ఎక్కువైతే రేణువు సన్నబడుతుంది. పొటాషియం కలిపితే రేణువుల గొలుసులు పొట్టివవుతాయి. సంచి వడపోతల్లో పట్టిన పొడికి నీళ్ళు, కొద్దిగా బంధకం కలిపి గుండ్రటి గుళికలుగా చేస్తారు. లేకపోతే అది దుమ్ములా లేచి ఫ్యాక్టరీనంతా ముంచెత్తుతుంది. మిగిలే వాయువులో హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. వాటిని మండించి కర్మాగారాలు విద్యుత్తు తయారుచేసుకుంటాయి.

గ్రేడును అర్థం చేసుకోవాలంటే మూడు గుణాలు తెలియాలి.

మొదటిది రేణువు పరిమాణం. సుమారు 10 నానోమీటర్ల నుంచి 500 నానోమీటర్ల దాకా ఉంటుంది. రేణువు సన్నబడేకొద్దీ ఉపరితలం పెరుగుతుంది. టైర్లలో విరివిగా వాడే ఎన్330 గ్రేడు ఒక్క గ్రాములో దాదాపు 78 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. రబ్బరు అణువులు పట్టుకుని వేలాడేది ఆ ఉపరితలానికే. రెండోది నిర్మాణం. ఈ రేణువులు విడివిడిగా ఉండవు, పుట్టేటప్పుడే ద్రాక్షగుత్తుల్లా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఎంత బలంగా కలిపినా ఆ గుత్తి విడిపోదు. గుత్తులు కొమ్మలు కొమ్మలుగా విస్తరించి ఉంటే నిర్మాణం ఎక్కువ అంటారు. వంద గ్రాముల పొడి ఎన్ని మిల్లీలీటర్ల నూనె పీలుస్తుందో చూసి దీన్ని లెక్కిస్తారు. మూడోది ఉపరితల రసాయనం. చానల్ బ్లాక్ ఉపరితలం మీద ఆక్సిజన్ సమూహాలు ఎక్కువ కనుక అది ఆమ్లగుణం చూపి రబ్బరు వల్కనీకరణాన్ని మందగింపజేస్తుంది. ఫర్నేస్ బ్లాక్‌కు సాధారణంగా ఆ ఇబ్బంది ఉండదు.

పాతరోజుల్లో గ్రేడ్లకు వాడుకను బట్టి పేర్లుండేవి: హెచ్ఏఎఫ్, ఐఎస్ఏఎఫ్, ఎఫ్ఈఎఫ్, జీపీఎఫ్ అని. రబ్బరు పరిశ్రమలో పాతతరం వాళ్ళు ఇప్పటికీ ఎన్330ని హెచ్ఏఎఫ్ అనే పిలుస్తారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడేది అమెరికన్ ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వర్గీకరణ, డీ1765. ముందున్న ఎన్ అక్షరం వల్కనీకరణ వేగం మామూలుగా ఉంటుందనీ, ఎస్ అయితే మందగిస్తుందనీ చెబుతుంది. తర్వాతి అంకె ఉపరితలాన్ని బట్టి వేసిన తరగతి. ఒకటి అంటే గ్రాముకు 121 నుంచి 150 చదరపు మీటర్లు, రెండు అంటే 100 నుంచి 120, మూడు అంటే 70 నుంచి 99. అలా దిగుతూ తొమ్మిది అంటే పదికి లోపు. అంకె పెరిగితే రేణువు లావవుతుందన్నమాట. చివరి రెండు అంకెల్లో ఏ కొలతా లేదు, అవి గుర్తింపు కోసం ఇచ్చినవే. ఇక్కడే కొత్తవాళ్ళు పొరపడతారు. ఎన్326కూ ఎన్330కీ ఉపరితలం ఒకటే, రెండూ 78. నిర్మాణంలోనే తేడా: మొదటిది 72 మిల్లీలీటర్ల నూనె పీలిస్తే రెండోది 102 పీలుస్తుంది. ఆ తేడాతోనే వాటి దారులు వేరయ్యాయి. ఎన్326 కలిపిన రబ్బరు మెత్తగా పారి ఉక్కు తీగల మధ్యకు చక్కగా చొరబడుతుంది కనుక, రేడియల్ టైరులో బెల్టు తీగలకు పూసే రబ్బరులో దానికే పెద్దపీట.

ఒక్క టైరును కోసి చూస్తే గ్రేడ్ల అవసరం అర్థమవుతుంది. రోడ్డుకు రాసుకునే ట్రెడ్‌లో సన్నటి గ్రేడ్లు: ఎన్110, ఎన్134, ఎన్220, ఎన్234. ఇవి అరుగుదలను బాగా తట్టుకుంటాయి, కానీ టైరు తిరిగేటప్పుడు ఎక్కువ వేడి పుట్టిస్తాయి. ఎంతసేపూ వంగుతూ లేస్తూ ఉండే సైడ్‌వాల్‌కు, లోపలి పొరలకు ఆ వేడి పనికిరాదు. అందుకే అక్కడ ఎన్330, ఎన్550, ఎన్660 లాంటివి వాడతారు. గాలి పోకుండా ఆపే లోపలి లైనర్‌లో ఎన్660 మామూలు. ట్రెడ్ రబ్బరులో సాధారణంగా వంద పాళ్ళ రబ్బరుకు 50 పాళ్ళ వరకు నల్లపొడి పడుతుంది. మొత్తం మీద టైరు బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఇదే ఉంటుంది.

ఆ వేడికి మూలం రబ్బరు లోపల గుత్తులు ఒకదానితో ఒకటి అల్లుకున్న వల. టైరు నొక్కుకున్నప్పుడల్లా ఆ వల తెగి మళ్ళీ కట్టుకుంటుంది. ప్రతిసారీ కొంత శక్తి వేడిగా పోతుంది. 1960లలో బ్రిటిష్ శాస్త్రవేత్త ఎ.ఆర్. పేన్ దీన్ని లోతుగా అధ్యయనం చేయడంతో ఈ ధోరణికి ఆయన పేరే స్థిరపడింది. ఈ నష్టాన్ని తగ్గించడానికే 1990లలో మిషెలిన్ కారు టైరు ట్రెడ్‌లో నల్లపొడి స్థానంలో సిలికాను తెచ్చింది. ఇంధనం ఆదా అయింది, తడిరోడ్డు మీద పట్టు పెరిగింది. కానీ సిలికా విద్యుత్తును పారనీయదు. కారులో పుట్టిన స్థిరవిద్యుత్తు నేలకు దిగే మార్గం మూసుకుపోయింది. పరిష్కారంగా తయారీదారులు సిలికా ట్రెడ్ మధ్యలో కార్బన్ బ్లాక్ రబ్బరుతో ఒక సన్నని పట్టీని పైనుంచి కిందిదాకా దించుతున్నారు. లారీ, బస్సు టైర్లలో సహజ రబ్బరే ప్రధానం. దానితో సిలికాకు అంత పొత్తు కుదరదు కనుక అక్కడ నల్లపొడి రాజ్యం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

టైర్ల బయట ఎన్550 కారు తలుపుల చుట్టూ ఉండే రబ్బరు పట్టీలకు, రేడియేటర్ గొట్టాలకు వాడతారు. దాని నిర్మాణం ఎక్కువ కనుక అచ్చులోంచి బయటకు వచ్చిన పట్టీ ఉబ్బకుండా, అంచులు నున్నగా వస్తుంది. అన్నింటిలోకీ లావైనది ఎన్990. ఇది సహజవాయువును గాలి లేకుండా వేడిచేసి తీసే థర్మల్ బ్లాక్, ఉపరితలం గ్రాముకు 8 చదరపు మీటర్లే. కెనడాలోని మెడిసిన్ హాట్ పట్టణంలో ఉన్న క్యాన్‌కార్బ్ కంపెనీ దీనికి పేరెన్నికగన్నది. బలం కొద్దిగానే పెంచినా, ఎంత కలిపినా రబ్బరును బిగుసుకుపోనీయదు. అందుకే ఓ-రింగులకు, ఇంజన్ సీళ్ళకు వాడే ఖరీదైన ఫ్లోరో రబ్బరులో దీన్నే కలుపుతారు. బొగ్గుగనుల భూగర్భంలో నడిచే కన్వేయర్ బెల్టులది మరో అవసరం. అవి నిప్పుకు తట్టుకోవాలి, స్థిరవిద్యుత్తును నిలవనీయకూడదు. బెల్టు రబ్బరుకు ఈ రెండో గుణం ఇచ్చే మార్గాల్లో తగిన కార్బన్ బ్లాక్ ముఖ్యమైనది.

ప్లాస్టిక్‌లోకి వస్తే లెక్క మారిపోతుంది. ఇక్కడ బలం కోసం వాడరు. రంగు, ఎండ నుంచి రక్షణ, విద్యుద్వాహకత అనే మూడు పనులు. పాళ్ళు కూడా రబ్బరుతో పోలిస్తే బహు స్వల్పం.

రంగుకు సంబంధించిన నియమం తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. రేణువు సన్నబడేకొద్దీ నలుపు గాఢమవుతుంది, దానిలో నీలిఛాయ తొంగిచూస్తుంది. కారు లోపలి మెరిసే నల్లభాగాలకు అందుకే 15 నానోమీటర్ల స్థాయి గ్రేడ్లు. అదే సన్నటి పొడిని తెలుపుతో కలిపి బూడిదరంగు చేస్తే గోధుమఛాయ వస్తుంది. నీలిఛాయ బూడిదరంగు కావాలంటే లావు రేణువుల గ్రేడు వాడాలి. సన్నటిదే మేలు అనుకుని ఎక్కువ ధర పెట్టి కొన్నవారు ఇక్కడ దెబ్బతింటారు.

ఎండ నుంచి రక్షణే అసలు ఘనకార్యం. పాలిథిలీన్‌ను ఆరుబయట వదిలితే అతినీలలోహిత కిరణాలు దాని అణుగొలుసులను తెంచి, అది పెళుసుబారి పగులుతుంది. టెలిఫోన్ కేబుళ్ళ పైతొడుగు కోసం అమెరికాలోని బెల్ ప్రయోగశాలలు చేసిన పరిశోధన, సన్నటి కార్బన్ బ్లాక్ రెండు మూడు శాతం కలిపితే ఆ తొడుగు దశాబ్దాలు నిలుస్తుందని చూపింది. పొడి ఆ కిరణాలను పీల్చి వేడిగా మార్చేస్తుంది. దాని ఉపరితలం మీది సమూహాలు ప్లాస్టిక్‌ను తినేసే స్వేచ్ఛా రాడికల్స్‌నూ పట్టుకుంటాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 4984 ప్రకారం తాగునీటి పాలిథిలీన్ గొట్టాల్లో కార్బన్ బ్లాక్ 2.5 శాతం ఉండాలి, అర శాతం అటూ ఇటూ. అంతర్జాతీయ ప్రమాణం రేణువు పరిమాణాన్ని కూడా నిర్దేశిస్తుంది: 10 నుంచి 25 నానోమీటర్లు. కారణం సూటిగా ఉంది. అదే రెండున్నర శాతం లావు రేణువులతో నింపితే కిరణాలు వాటి సందుల్లోంచి దూరిపోతాయి. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్యం పథకం మొదలయ్యాక అనంతపురం లాంటి కరవు జిల్లాల్లో పరచుకున్న నల్లటి డ్రిప్ లేటరళ్ళు ఏళ్ళ తరబడి ఎండలో పడి ఉండగలుగుతున్నది ఈ పొడి పుణ్యానే. పైగా వెలుతురు లోపలికి చొరబడదు కనుక గొట్టంలో పాచి పట్టదు.

మూడో పని విద్యుద్వాహకత. మామూలు ప్లాస్టిక్ విద్యుత్తును ఆపుతుంది. నల్లపొడి పాలు పెంచుతూ పోతే ఒక హద్దు దగ్గర గుత్తులు ఒకదానికొకటి అందుకుని దారి ఏర్పడుతుంది, నిరోధం ఒక్కసారిగా పడిపోతుంది. నిర్మాణం ఎక్కువగా, రేణువు డొల్లగా ఉండే గ్రేడుతో ఈ హద్దు త్వరగా వస్తుంది. కెట్జెన్‌బ్లాక్ ఈసీ-600 రకానికి గ్రాముకు 1200 చదరపు మీటర్లకు పైగా ఉపరితలం ఉంది. కొద్ది శాతంతోనే పని జరుగుతుంది. మామూలు ఫర్నేస్ గ్రేడైతే ఎన్నో రెట్లు కలపాలి, అప్పుడు ప్లాస్టిక్ పెళుసవుతుంది. చిప్‌లను ఉంచే ట్రేలు, పెట్రోలు పారే గొట్టాలు ఇలాంటి ప్లాస్టిక్‌తోనే చేస్తారు. అధిక వోల్టేజి కేబుళ్ళలో రాగి లేదా అల్యూమినియం తీగ చుట్టూ ఉండే అర్ధవాహక పొరకు ఎసిటిలీన్ బ్లాక్ వంటి స్వచ్ఛమైన రకాలు కావాలి. ఆ పొర మీద చిన్న గరుకు మిగిలినా విద్యుత్ క్షేత్రం అక్కడ పోగుపడి, ఏళ్ళు గడిచేకొద్దీ ఇన్సులేషన్‌ను తొలిచేస్తుంది. లిథియం బ్యాటరీల ధనధ్రువంలో వాహకత పెంచేదీ ఈ కోవ పొడే.

ప్లాస్టిక్ ఫ్యాక్టరీలు విడి పొడిని అరుదుగా వాడతాయి. ముందుగా దాన్ని పాలిథిలీన్‌లో 25 నుంచి 50 శాతం వరకు కలిపి మాస్టర్‌బ్యాచ్ గుళికలుగా చేయించుకుంటాయి. కష్టమంతా ఇక్కడే. సన్నటి రేణువులు, తక్కువ నిర్మాణం ఉన్న గ్రేడు విడదీయడానికి అన్నింటికంటే మొండిది. సరిగా విడని ముద్దలు గొట్టం గోడలో ఉండిపోతే, ఒత్తిడి పెరిగినప్పుడు పగులు అక్కడే మొదలవుతుంది. పల్చటి ఫిల్మ్ అయితే చిల్లులు పడుతుంది. ఉపరితలం ఎక్కువైన పొడి గాలిలోని తేమను కూడా పీలుస్తుంది. ఆ తేమ అచ్చులో ఆవిరై ప్లాస్టిక్ మీద బుడగలు తెస్తుంది.

ఆహారం తగిలే ప్లాస్టిక్‌కు మరింత కట్టడి ఉంది. తయారీలో పుట్టే బహువలయ హైడ్రోకార్బన్లు పొడి మీద అంటుకుని ఉంటాయి. అందుకే ఐరోపా సమాఖ్య నిబంధన ఇలాంటి ప్లాస్టిక్‌లో కార్బన్ బ్లాక్ 2.5 శాతం మించకూడదనీ, పొడిలో బెంజోపైరీన్ కిలోకు 0.25 మిల్లీగ్రాములు దాటకూడదనీ అంటుంది. టైరు గ్రేడును తెచ్చి ఆహార డబ్బాలో వేయడం క్షమించరాని తప్పు. ఊపిరితిత్తుల్లోకి పోయే దుమ్ముగా ఈ పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1996 నుంచి 2బీ తరగతిలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో ఉంచింది. రబ్బరులోనో ప్లాస్టిక్‌లోనో బిగుసుకున్నాక పొడి అలా గాలిలోకి లేవదు. ప్రమాదం ముఖ్యంగా సంచులు విప్పి పోసే కార్మికుడిది.

భారతదేశంలో ఈ పరిశ్రమ 1960లో ఫిలిప్స్ కార్బన్ బ్లాక్ కంపెనీ స్థాపనతో వేళ్ళూనుకుంది, దాని తొలి కర్మాగారం పశ్చిమ బెంగాల్‌లోని దుర్గాపూర్‌లో ఉంది. ఆదిత్య బిర్లా గ్రూపు 2011లో అమెరికాకు చెందిన కొలంబియన్ కెమికల్స్‌ను కొని ప్రపంచంలోని అతిపెద్ద ఉత్పత్తిదారుల వరుసలో చేరింది. ఆ గ్రూపు కర్మాగారం ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లోనే, తమిళనాడులోని గుమ్మిడిపూండిలో నడుస్తోంది. నల్లపొడికి గిరాకీ తెలుగు రాష్ట్రాల్లోనూ తక్కువేమీ కాదు: తెలంగాణలోని సదాశివపేటలో ఎంఆర్ఎఫ్, తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో, విశాఖ దగ్గర అచ్యుతాపురంలో యోకొహామా అనుబంధ సంస్థ టైర్లు తయారుచేస్తున్నాయి.

వాడి పారేసిన తర్వాత ఈ పొడి పెట్టే చిక్కులు రెండు. నల్లటి ప్లాస్టిక్ సమీప పరారుణ కాంతిని మింగేస్తుంది కనుక, ఆ కాంతితో ప్లాస్టిక్ రకాలను గుర్తుపట్టే యంత్రాలకు అది కనిపించదు, చెత్తకుప్పకు పోతుంది. ఐరోపాలో పలు దుకాణ సంస్థలు నల్ల ఆహార ట్రేలను మానుకున్నది ఇందుకే. రెండోది పాత టైర్లు. వాటిని గాలి లేకుండా వేడిచేసి నూనెతోపాటు నల్లపొడినీ తిరిగి తీస్తున్నారు. కానీ ఒక టైరులో ఉన్న ఐదారు గ్రేడ్లు, సిలికా, జింక్ అన్నీ అందులో కలిసిపోతాయి. కొత్త పొడిలో బూడిద ఒక శాతం లోపు ఉంటే ఇందులో 15 శాతం దాటడం మామూలే. చాపలకు, సాధారణ గొట్టాలకు, కొంతమేర ఎన్660 తరహా వాడుకకు ఇది పనికొస్తుంది, దాన్ని అలా వాడటం మంచిదే కూడా.

ఎండలో ఉండాల్సిన నీటిగొట్టానికి మాత్రం పనికిరాదు. పాత ప్లాస్టిక్‌కు ఇలాంటి చవక నలుపు కలిపి చేసిన గొట్టం కొత్తలో అసలుదానిలాగే నిగనిగలాడుతుంది, కొన్ని వేసవులకే పెటపెటా విరుగుతుంది. కార్బన్ శాతం పరీక్ష ఒక్కటే చాలదు, ఎందుకంటే అది ఎంత ఉందో చెబుతుంది గానీ ఏ గ్రేడో, ఎంత సమంగా కలిసిందో చెప్పదు. అందుకని డ్రిప్ లేటరల్ కొనే రైతు ఐఎస్ 12786, తాగునీటి గొట్టం కొనేవారు ఐఎస్ 4984 ముద్ర చూసి తీసుకోవాలి. పెద్ద మొత్తంలో కొనే పంచాయతీలు, రైతుసంఘాలు కార్బన్ శాతంతోపాటు రేణువుల విస్తరణ పరీక్షాపత్రాన్నీ, వాడిన మాస్టర్‌బ్యాచ్ గ్రేడునూ అడిగి రాయించుకోవాలి.